బొంబాయికి తోడెవరు

"వదిన రాకపోతే నేను గూడ రాను. ఇగ నన్ను అడుగకక్కా."

ఆ మాట అని సోనాలి, సగం సర్దిన బ్యాగు జిప్పు సర్రున లాగేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

లత ఇంకా చెప్పులు కూడా విడవలేదు. పూర్ణలోని గోదాములో పొద్దుటినుంచి పెట్టెలకు చీటీలు అంటించి అంటించి వేళ్ళ కొనలు జిగటగా ఉన్నాయి. సోమ, మంగళవారాలు సుట్టీ ఖాయమైందని చెల్లెలికి చెప్పాలన్న తొందరలో, అంజూర్ ఫాటా దగ్గర రిక్షా నిండేదాకా ఆగలేక సగం దూరం నడిచే వచ్చింది. ఆ రెండు రోజుల సెలవు కోసం తోటి పిల్ల డ్యూటీ కూడా వారం పాటు తనే చేసింది.

"మొన్నటిదాక మనిద్దరమే పోదామన్నవ్ గదనే?"

"మొన్న వేరే. ఇప్పుడు వేరే."

"ఇప్పుడేమైంది?"

వంటగట్టు దగ్గర పిండి కలుపుతున్న ఆర్తి చెయ్యి ఆపింది. ఆర్తి లత అన్న నిలేష్ భార్య. వర్లీలో పుట్టి పెరిగిన పిల్ల. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఎనిమిది నెలలైంది.

"నేనేమనలే లతా," అంది ఆర్తి మెల్లగా. "సోమారం ఎలిఫెంటా గుహలు బంద్ ఉంటయి అన్న. గంతే."

"బందా?"

"ప్రతి సోమారం బందే. పడవెక్కి పోయినా లోపలికి పోనియ్యరు."

లతకు చెంప మీద ఎవరో చరిచినట్టయింది. పదిహేను రోజులనుంచి నోటుబుక్కులో రాసుకుంటున్న ప్రయాణం అది. మొదటి రోజు గేట్‌వే, అక్కడినుంచి పడవ, పడవ దిగితే గుహలు, సాయంత్రం సముద్రపు ఒడ్డు, రాత్రికి దాదర్‌లో ఒక లాడ్జి. రెండో రోజు రాణీబాగ్‌లో పెంగ్విన్ పక్షులు, దాదర్ బజారు. జూన్ వస్తే వానలకు పడవలు ఆగిపోతాయని ఎవరినో అడిగి తెలుసుకుంది. సోమవారం సంగతి మాత్రం ఎవరినీ అడగాలని తోచలేదు.

"చూసినవా?" సోనాలి ఇటు తిరిగింది. "వదిన చెప్పకపోతే అక్కడిదాక పోయి పాగల్ లెక్క నిలబడుతుంటిమి. ఆ దాదర్ లాడ్జి గూడ మంచిది కాదట. వర్లీల వదినోళ్ళ అమ్మ ఇల్లున్నది. మేడ మీదికెక్కితే సముద్రం కనిపిస్తదట అక్కా!"

"మనం ఇంకొకరింట్ల ఎందుకుండాలె?"

"వదినోళ్ళ అమ్మ ఇంకొకరెట్లయితది?"

లత చెల్లెలి ముందున్న బ్యాగును కాలితో పక్కకు జరిపింది.

అప్పుడే తల్లి వెంకవ్వ కండెల గంప చంకన పెట్టుకొని లోపలికి వచ్చింది. కింద మరమగ్గాల గాలాలో, ఆ సాంచెలకు కావలసిన దారపు కండెలు చుట్టడం ఆమె పని. దారపు నూగు జుట్టంతా పట్టి, నలభై ఎనిమిదేళ్ళకే తల నెరిసినట్టుంది.

"ఏందే లొల్లి? బొంబాయికి పోకముందే బొంబాయంత లొల్లి చేస్తున్నరు."

"అక్కకు వదిన వచ్చుడు ఇష్టం లేదవ్వా."

"నేనట్లన్ననా?"

"అనకున్నా తెలుస్తలేదా?"

"ముగ్గురు పోండ్రి," అంది వెంకవ్వ గంప దించుతూ. "ముగ్గురు పోతే ఏమైతది? ముచ్చట్లు పెట్టుకుంట పోవచ్చు."

"ముగ్గురు పోతే ముచ్చట ఇద్దరిదే అయితదవ్వా," అంది లత. "నేను ఎనుక బ్యాగులు మోసుకుంట నడవాలె."

ఆర్తి మళ్ళీ పిండి వైపు తిరిగింది కాని చెయ్యి కదలలేదు. సోనాలి పెదవి బిగించింది. కింద సాంచెల చప్పుడు నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతూనే ఉంది.

వెంకవ్వ కూతురి ముఖంలోకి చూసి గొంతు తగ్గించింది. "వద్దు బిడ్డా. ఇంట్ల ఆడపిల్లవు. కోడలి మీద కండ్ల నిప్పులు పోసుకోకు."

లత చెప్పులు విడిచి నీళ్ళ డ్రమ్ము దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కుంది. జిగట ఎంతకూ వదలలేదు.

ఈ ఇంట్లో సోనాలిని ఎత్తుకొని తిరిగింది లతే. తల్లి కండెలు చుట్టేది, తండ్రి నాగయ్య పగలూ రాత్రీ రెండు పాళ్ళు సాంచెలు నడిపేవాడు. ఏడేళ్ళ లత చంకలో ఆర్నెల్ల సోనాలి ఉండేది. తొమ్మిదో తరగతిలో బడివాళ్ళు పిల్లలందరినీ బొంబాయి తీసుకుపోయారు. లత పోలేదు. ఆ రోజే సోనాలికి తట్టు పోసింది. వేపమండ పట్టుకొని పక్కన కూర్చుంది. మర్నాడు నేస్తురాళ్ళు సముద్రం గురించి చెబుతుంటే, 'నేను చూస్తే మా చెల్లెతోనే చూస్త' అని పంతంగా అంది. అన్నాక అది పంతంగా మిగలలేదు. పదో తరగతితో చదువు ఆగి గోదాములో చేరినా, తోటివాళ్ళు పిలిచినప్పుడల్లా ఏదో సాకు చెప్పి ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి. రైలెక్కితే గంటన్నర దూరంలో ఉన్న సముద్రాన్ని ఇంతవరకు చూడలేదు.

ఈ కథ సోనాలికి తెలుసు. పోయిన నెల లత మళ్ళీ ఆ మాట ఎత్తితే, "ఆ తట్టు కథ వందసార్లు చెప్పినవక్కా," అని నవ్వింది. ఆ నవ్వు ఆర్తి వైపు చూసి నవ్వింది. లత మరిచిపోలేనిది అదే.

మర్నాడు శుక్రవారం. వారానికి ఒకసారి సాంచెలు ఆగే రోజు. చప్పుడు లేక ఊరంతా చెవులు మూసుకున్నట్టుంది. లతకు మధ్యాహ్నం డ్యూటీ.

మేడ మీద ఆర్తి బట్టలు ఆరేస్తోంది. లత ఒక బకెట్ పట్టుకొని పైకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఏం చెప్పాలో తెలియదు. మెట్లు అయిపోయేసరికి తెలిసిపోయింది.

"వదినా, ఒక ముచ్చట చెప్త. మల్ల సోనాలిని అడుగొద్దు."

"చెప్పు."

"నువ్వు వచ్చుడు దానికి ఇష్టం లేదు."

ఆర్తి నోట్లో పట్టుకున్న క్లిప్పు తీసింది. "నిన్న అదే గద నన్ను రమ్మన్నది?"

"నీ ముందట అట్లనక ఏం చేస్తది? పండుకునేటప్పుడు నాతోని చెప్పింది. మీ అమ్మ ఇంట్ల ఉంటే ఇట్ల కూసో, అట్ల కూసో అంటరట. నువ్వుంటే ప్రతిదానికి వద్దు, కాదు అంటవట. సాఫ్‌గ చెప్తే నువ్వు బాధపడ్తవని..."

అబద్ధం మొదలుపెట్టడమే కష్టం. తర్వాత దానికదే నడిచింది, ఎత్తుమీంచి దొర్లిన కండె లాగ. లతకే ఆశ్చర్యం వేసింది, ఇన్ని మాటలు తనలో ఎక్కడున్నాయని.

"సోనాలి అన్నదా?" అంది ఆర్తి.

"అన్నది."

"గీ మాటలే అన్నదా?"

"నేనేమన్న అబద్ధమాడుతున్ననా?"

"లే లే, గట్లనలే." ఆర్తి తీగ మీద అప్పటికే ఆరేసిన చున్నీని తీసి మళ్ళీ అక్కడే ఆరేసింది. "సరే లతా. నేను రానని చెప్త."

"నువ్వు చెప్పకు. నేనే చెప్త. లేకపోతే మల్ల మొహమాటానికి రమ్మంటది."

ఆర్తి తలూపింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయో లేవో లత చూడలేదు. చూడకుండానే మెట్లు దిగింది.

సోనాలి గడప దగ్గర కూర్చొని కాగితం మీద చీర అంచు గీస్తోంది. పన్నెండో తరగతి పరీక్షలైనప్పటినుంచి పెన్సిలు వదలడం లేదు.

"వదిన రాదట," అంది లత.

"ఎందుకు?"

"తల్లిగారింటికి పోతే ఆరామ్‌గ ఉండాలె గని, పిల్లను ఎంటేసుకొని తిరుగుడు తనతోని కాదన్నది."

పెన్సిలు ఆగింది. "వదినా? వదిన గట్లన్నదా?"

"నమ్మకం లేకుంటే పోయి అడుగు. మేడ మీదున్నది."

సోనాలి నిజంగానే లేచింది. రెండు మెట్లెక్కింది. అక్కడే నిలబడి, పైకి చూసి, వెనక్కి తిరిగింది. పదిహేడేళ్ళ రోషం.

"నేనెందుకు అడుగుత? రాకుంటే రాకపోనీ." కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసింది. "సరే అక్కా. మనిద్దరమే పోదాం."

లత గెలిచింది.

గెలుపు రెండు రోజులు ఇంట్లో ఉంది. అంతకుముందు వదినా మరదళ్ళు ఒకే ఫోనుకు చెరో చెవి పెట్టి పాటలు వినేవాళ్ళు. ఒకరికొకరు జడలేసుకొనేవాళ్ళు. వెంకవ్వ కసిరేదాకా మరాఠీలో గుసగుసలాడి పడీపడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆర్తి అన్నం వడ్డిస్తే సోనాలి పళ్ళెం వైపే చూసింది. సోనాలి నీళ్ళడిగితే ఆర్తి చెంబు నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరి మధ్యా లత మాత్రం గలగలా మాట్లాడుతూనే ఉంది.

"గుహలు పోతే పోయినయే. రాణీబాగ్ సోమారమే చూద్దాం. మంగళారమంతా సముద్రం కాడనే కూసుందాం. ఏమంటవ్?"

"ఊఁ."

"పెంగ్విన్లు మంచు పెట్టెల ఉంటయట. మనం గ్లాసు ఇవతల నిలబడి చూడాలెనట."

"ఊఁ అక్కా."

చెల్లెలు పక్కనే ఉంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. అయినా లతకు ఎందుకో పోయిన వారమే బాగున్నట్టనిపించింది. అప్పుడు కనీసం ఆ నవ్వు వినిపించేది, ఎవరితో నవ్వినా సరే.

ఆదివారం పగలు బ్యాగు బరువు తగ్గిద్దామని లత సామానంతా బయటకు తీసింది. అడుగున, దుపట్టాలో చుట్టి, ఒక ఫైలు ఉంది. విప్పి చూసింది. పైన సోనాలి గీసిన అంచులు, పువ్వులు, రంగులేసిన నమూనాలు. కింద ఒక ఉత్తరం. బొంబాయిలో బట్టల డిజైను నేర్పే కాలేజీనుంచి. మంగళవారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ, గీసినవన్నీ వెంట తేవాలి. దాని వెనక ఒక ఫారం. చదువు నాలుగేళ్ళు. బొంబాయిలో ఉండే చోటు అన్న గడిలో వర్లీ చిరునామా, ఆర్తి తల్లి పేరు. సంరక్షకుల సంతకం అన్నచోట ఖాళీ.

నాలుగేళ్ళు అన్న మాట దగ్గరే లత చూపు ఆగిపోయింది.

సోనాలి నల్లా దగ్గరనుంచి బిందెతో వచ్చి, అక్క చేతిలోని కాగితాలు చూసింది. ఉలిక్కిపడలేదు. బిందె దించింది.

"అది అవతల పెట్టక్కా. ఇగ దానితోని పని లేదు."

"నా దగ్గర దాచిపెట్టినవా?"

"దాయలే. సముద్రం కాడ నిలబడి చెప్దామనుకున్న. వదిన పక్కనుంటే నీకు నచ్చచెప్తది అనుకున్న."

"నాకు ఒకరు నచ్చచెప్పాల్నా? నువ్వడిగితే నేను వద్దంటనా?"

"అంటవ్."

"అనను."

"అంటవక్కా. పది పాసైనంక ఠాణే కాలేజిల చేరతనంటే ఏమన్నవ్? పొద్దుగాల పోయి సందకాడ వచ్చే కాలేజి అది. 'నన్నిడిసిపెట్టి పోతవా' అని అన్నం తినలే నువ్వు. రెండు రోజులు."

లతకు గుర్తుంది. తినకపోవడమే కాదు, సోనాలి వచ్చి బతిమాలి ముద్ద నోట్లో పెట్టడం కూడా గుర్తుంది. ఆ ముద్ద ఎంత రుచిగా ఉందో కూడా.

"మరి మంగళారం..." అంది లత.

"మంగళారం నేను పోను. ఉండనీకి ఇల్లే లేదు, ఇంటర్వ్యూకు పోయి ఏం చేయాలె? వదిన మొఖం చాటేసింది. ఆమె మీద ఆధారపడుడే నా తప్పు." సోనాలి బిందె మీద మూత పెట్టింది. "నువ్వు సముద్రం చూపియ్. గది చాలు."

ఇప్పుడు చెప్పేయవచ్చు. నాలుక కొస దాకా వచ్చింది. కాని చెబితే ఏమవుతుంది? చెల్లెలు మళ్ళీ వదిన చెయ్యి పట్టుకుంటుంది. నాలుగేళ్ళు వదిన తల్లి వండింది తింటుంది, వదిన పుట్టిన ఇంటి మేడ మీద నిలబడి ప్రతి సాయంత్రం సముద్రం చూస్తుంది. చెప్పకపోతే ఇక్కడే ఉంటుంది. లత ఫైలును దుపట్టాలో చుట్టి, బ్యాగు అడుగునే పెట్టింది.

మధ్యాహ్నం నాగయ్య సాంచెల దగ్గరనుంచి అన్నానికి వచ్చాడు. నిలేష్ మాన్కోలిలో లారీలకు సరుకెత్తే పని మీద ఉన్నాడు, ఇంటికి రాలేదు. అయిదుగురూ చుట్టూ కూర్చున్నారు. పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వెంకవ్వ ఎంతసేపు ఓర్చుకుంటుంది? "ఏందే మీ వదినా మరదండ్లకు? మూడొద్దులైంది మొఖాలు చూసుకుంటలేరు. కోడలా, నువ్వెందుకు పోనంటివి? పిల్ల అంత ఆశతోని అడిగె."

ఆర్తి తలెత్తింది. సోనాలి ఆమె వైపు చూసింది, మూడు రోజుల్లో మొదటిసారి. ఆ చూపులో కోపం కంటే ఎక్కువగా ఒక అడగలేని ప్రశ్న ఉంది. ఆర్తికి ఆ చూపు అర్థమైంది. చటుక్కున లత వైపు తిరిగింది. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో మేడ మీది మాటలన్నీ ఆమె తిరగేసి చూసినట్టు లతకు తెలిసిపోయింది.

ఇక చెప్పేస్తుంది అనుకుంది లత.

"నాకే పానం మంచిగ లేకుండెనత్తా," అంది ఆర్తి. "అందుకే రానన్న. లత తప్పేం లేదు."

లత తప్పేం లేదు! ఎవరూ లత పేరు ఎత్తలేదు. అయినా ఆమె ఎత్తి మరీ కాపాడింది. మామ ముందు, అత్త ముందు, సోనాలి ముందు. తెలివిలో గెలిచింది, బొంబాయి తెలిసినతనంలో గెలిచింది, ఇప్పుడు మంచితనంలో కూడా గెలిచింది. రేపెప్పుడో నిజం బయటపడితే సోనాలి ఏమంటుంది? 'అంతా తెలిసి కూడా వదిన నోరు తెరవలేదు' అని చేతులెత్తి మొక్కుతుంది. తిట్టినా లత పడేది. ఈ జాలి మాత్రం గొంతు దిగలేదు.

"అబద్ధమాడకు వదినా!" లత పళ్ళెం తోసేసింది. "పానం మంచిగ లేకపోవుడు లేదు, ఏం లేదు. నేనే చెప్పిన. సోనాలికి నువ్వు ఇష్టం లేదని నీకు చెప్పిన. నీకు సోనాలి బరువని దానికి చెప్పిన. రెండూ నేనే పుట్టిచ్చిన. నువ్వు నన్ను కాపాడుడు అవసరం లేదు."

నాగయ్య చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. "ఎందుకే?" అంది వెంకవ్వ నోరు నొక్కుకొని.

"ఎందుకంటే అది నా చెల్లె. నేను ఎత్తుకొని తిరిగిన. ఎనిమిది నెలల కింద వచ్చినామె..."

ఆర్తి లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "నేను గుంజుకోలే లతా. దానంతట అదే వచ్చింది," అంది. అంత మెత్తటి మనిషి నోట ఆ మాట కత్తిలా వచ్చింది. అని, ఆ మాటకు తనే భయపడ్డట్టు వంటగట్టు వైపు వెళ్ళిపోయింది.

సోనాలి ఏడుస్తుందని, అరుస్తుందని లత ఎదురుచూసింది. సోనాలి చెయ్యి కడుక్కుంది. బ్యాగులోంచి ఫైలు తీసి, ఫారం లతముందు పెట్టి, పైన పెన్ను పెట్టింది.

"ఆరో తరగతినుంచి నా డైరీల నువ్వే సంతకం చేసినవ్. గిది గూడ నువ్వే చెయ్యి."

"సోనాలీ..."

"చెయ్యి."

లత తండ్రి వైపు చూసింది. ఆయన చెయ్యమన్నట్టు తలూపాడు. ఖాళీ గడిలో తన పేరు రాసింది. రాస్తుంటే పైగడిలో ఆర్తి తల్లి పేరు కనబడుతూనే ఉంది.

"చేసిన," అంది. "రేపు నేను తీస్కపోత. ఇంటర్వ్యూ కాడ నేను బయట కూసుంట. ఏమనను."

"నువ్వు వద్దు."

లత తలదించుకుంది. "సరే. వదినతోనే పో."

"వదిన గూడ వద్దు." సోనాలి వంటగట్టు వైపు చూసింది. "ఆమెకు గూడ నోరున్నది గద? నేను గట్లంటనా లేదా అని ఒక్కసారి వచ్చి నన్ను అడిగిందా? మీరిద్దరు నన్ను గుంజుకోనీకి నేనేం దారప్పోగునా? నేనొక్కదాన్నే పోత."

"ఒక్కదానివా?"

ఆ మాట రెండు వైపులనుంచి ఒకేసారి వచ్చింది. లతా ఆర్తీ ఒకరి ముఖాలొకరు చూసుకొని, మళ్ళీ చూపు తిప్పుకున్నారు.

"బొంబాయికి ఒక్క ఆడపిల్లను ఎట్ల పంపుతం?" అని వెంకవ్వ మొదలుపెట్టింది. నాగయ్య చెయ్యెత్తి ఆపాడు. ఇంట్లో ఆయన మాట్లాడేదే తక్కువ. ముప్పై ఏళ్ళు సాంచెల చప్పుడులో బతికి, మాట మీద నమ్మకం పోయిన మనిషి.

"నేను పదిహేనేండ్లకు ఊర్లకెల్లి ఒక్కణ్ణే వచ్చిన," అన్నాడు. "గప్పుడు నాకు హిందీ గూడ రాదు. దీనికి మూడు భాషలొచ్చు. కోడలా, దాదర్ల దిగినంక మీ అమ్మను స్టేషన్‌కు రమ్మను. బిడ్డ పోతది."

ఇక దానికి తిరుగు లేకపోయింది.

సోమవారం పొద్దున ఏడు గంటలకు అంజూర్ ఫాటా దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. సోనాలి ముందు నడిచింది, భుజాన బ్యాగు, చేతిలో ఫైలు. వద్దన్నా వినకుండా లత ఒక పక్కన, ఆర్తి ఒక పక్కన వచ్చారు.

ఠాణే బస్సు వచ్చింది. "ఎక్కంగనే కిటికీ కాడ కూసో," అంది లత. "దాదర్ల ముందుగాలనే తలుపు కాడికి రా," అంది ఆర్తి. సోనాలి ఇద్దరికీ కలిపి ఒక్కసారే తలూపి ఎక్కింది. కిటికీ దగ్గరే కూర్చుంది కాని బయటకు చూడలేదు. బస్సు వంతెన దాటి లారీల వెనక మాయమైంది.

లతకు అప్పుడు తట్టింది. ఇవాళ సాయంత్రానికి చెల్లెలు సముద్రం చూసేస్తుంది. తను లేకుండా.

ఇంటికి పోవాలి. ఇద్దరిలో ఎవరూ కదలలేదు. చాయ్ బండి దగ్గర బల్ల మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. లత చేతిలో ఫోను, ఆర్తి చేతిలో ఫోను. గంట దాటింది. లత రెండుసార్లు తన ఫోనులో సిగ్నలుందో లేదో చూసుకుంది. ఆర్తి చూసుకోలేదు. ఆ నిబ్బరమే లతను మరింత కాల్చింది.

ఫోను మోగింది. ఆర్తిది.

తెర మీద సోనాలి పేరు. ఆర్తి ఎత్తలేదు. ఒకసారి లత ముఖం చూసింది, ఫోను ఆమె ముందుకు చాచింది. "నువ్వే మాట్లాడు."

ఇది కూడా దానమేనా అనిపించింది లతకు. అయినా చెయ్యి ఆగలేదు. తీసుకొని చెవి దగ్గర పెట్టుకుంది. అవతల స్టేషన్ హోరు, ఎవరివో కేకలు, వాటి మధ్య చెల్లెలి గొంతు, తను ఎన్నడూ వినని ఒక కొత్త బెరుకుతో.

"వదినా, ఠాణేల దిగిన. లోకల్ వస్తున్నది. జల్ది చెప్పు... అక్క నీ పక్కనున్నదా?"

ఉన్నదంటే ఏం చెబుతుందో, లేదంటే ఏం చెబుతుందో. లత నోరు తెరిచింది. ఆర్తి ఆమెనే చూస్తోంది. అవతల రైలు వచ్చి ఆగిన చప్పుడైంది.

"చెప్పు వదినా, ఉన్నదా?"